బండిలో ఎవరి చోటు ఎక్కడ



విజయనగరం పైడితల్లి అమ్మవారి పండగకి ఒక చెట్టు చాలదు. రెండు కావాలి. మొదటిది సిరిమాను. 50, 60 అడుగుల పొడవుండే చింతమాను అది. విజయదశమి దాటాక వచ్చే మంగళవారం నాడు దాని చివర పూజారి కూర్చుంటాడు. మాను గాలిలోకి లేస్తుంది. మూడు లాంతర్ల దగ్గరి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. లక్షల మంది తలలెత్తి చూసేది దాన్నే. రెండోది ఇరుసుమాను. సిరిమానుని మోసే బండికి ఇరుసు ఆ చెట్టుతో చేస్తారు. ఫలానా ఊళ్లో ఫలానా దొడ్లో చెట్లున్నాయని అమ్మవారే పూజారి కలలో కనిపించి చెబుతుందని మనవాళ్ల నమ్మకం. చెట్టు గలాయన ఎదురు మాట్లాడడు, పసుపు కుంకుమలు పెట్టి సాగనంపుతాడు. హుకుంపేట తీసుకొచ్చి చెక్కుతారు. మర్నాడు పేపర్లో సిరిమాను ఫోటో పడుతుంది. ఇరుసు ఫోటో పడగా నేనెప్పుడూ చూడలేదు.

మాది బళ్లు కట్టుకున్న ఇల్లు. అందుకే ఆ జనంలో నిలబడినప్పుడు కూడా నా చూపు ముందు కిందికే పోతుంది. చక్రం ఎలా తిరుగుతోంది, ఇరుసు కిర్రుమంటోందా లేదా అని. నన్ను ఇవాళ కుటుంబం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పిల్లలు పెరగడం నేను ఇంట్లో కన్నా బండిలోనే బాగా చూశాను కాబట్టి బండి గురించే చెబుతాను.

మా కన్నవారిది బొబ్బిలి దగ్గర పల్లె. 1960ల మాట. సంక్రాంతి వెళ్లాక, కుప్పలు నూర్చి ధాన్యం ఇంటికి చేరాక, సంబర పోలమాంబ జాతరకి బండి కట్టేవారు. సంబర మక్కువ మండలంలో ఉంది. నా చిన్నప్పుడు అది శ్రీకాకుళం జిల్లా. 1979 జూన్‌లో విజయనగరం జిల్లా పుట్టాక అందులోకి వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. అమ్మవారు ఉన్నచోటే ఉంది, జిల్లాలే ఆవిడ చుట్టూ మారుతున్నాయి. సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను, బుధవారం అనుపు. మూడు రోజుల పండగకి మా ఇంట్లో పదిహేను రోజుల ముందు నుంచీ హడావుడి. ఆ హడావుడంతా బండి చుట్టూనే.

మామూలు రోజుల్లో అది పెంట తోలే బండి. గత్తం, గడ్డి, ధాన్యం బస్తాలు, ఇటికలు, ఏవైనా అందులోనే. ఆ బండిలో ఆడవాళ్లనీ పసిపిల్లల్నీ రాత్రంతా కూర్చోబెట్టి తీసుకెళ్లాలంటే ముందు దాన్ని కడగాలి, తరవాత బాగుచేయాలి, ఆ పైన గూడు వెయ్యాలి. వడ్రంగి వచ్చి ఒక్కొక్క చక్రాన్నీ సుత్తితో తట్టి చూసేవాడు. మా చక్రానికి 12 ఆకులు, అంచుకి 6 పూటీలు. ఒక్కో పూటీలో రెండేసి ఆకులు దిగి ఉంటాయి. వానాకాలం నీళ్లు తాగిన కర్ర, వానలు వెళ్లాక ఆరి సన్నబడుతుంది. పూటీల మధ్య సందు పడుతుంది. ఇనప పట్టా వదులవుతుంది. వదులైన పట్టా నడిదారిలో జారిపోతే ఇక ఆ రాత్రి అక్కడే. అందుకని పట్టా ఊడదీసి, కొంచెం కోసి అతికి, చెరువు గట్టున పిడకలు పేర్చి ఎర్రగా కాల్చేవారు. కాలిన ఇనుము సాగుతుంది. ఇద్దరు ముగ్గురు పొడవాటి పట్టకార్లతో దాన్ని ఎత్తి చక్రానికి తొడిగేవారు. కర్ర అంటుకుని గుప్పున పొగ లేచేది. అప్పుడు మా పని. గుంటలందరం చెంబులతో, కుండలతో నీళ్లు పట్టుకుని వరసగా సిద్ధంగా ఉండేవాళ్లం. కమ్మరి "పొయ్యండర్రా" అనగానే పోసెయ్యాలి. ఆలస్యమైతే పూటీ కాలిపోతుంది, ముందే పోస్తే పట్టా బిగియదు. ఇనుము చల్లబడి ముడుచుకుంటూ చక్రాన్ని నొక్కుతుంటే కర్ర టక్ టక్‌మని చప్పుడు చేసేది. వేడికి వ్యాకోచం, చల్లబడితే సంకోచం అని తరవాత నేను ఎన్నో తరగతులకి పాఠం చెప్పాను. నాకు ఆ పాఠం చెప్పింది మాత్రం మా ఊరి కమ్మరి.

ఒక మాట పక్కకి చెబుతాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేస్తారని మీకందరికీ తెలుసు. వీణకి పనస కర్ర. చక్రానికి నల్లతుమ్మ. పాడేదానికి ఒక కర్ర, బరువు మోసేదానికి ఒక కర్ర. వీణ చేసినవాళ్లకి రాష్ట్రపతుల దాకా పేరు వెళ్లింది. చక్రాలు చేసినవాళ్ల పేర్లు వాళ్ల ఊరు కూడా దాటలేదు. ఉలి పట్టుకునే నేర్పులో ఇద్దరికీ ఎంత తేడా ఉండేదో నేను చెప్పలేను గానీ, చక్రం చేసేవాడు కొలతలో వెంట్రుకవాసి తప్పితే ఆ తప్పు ఎడ్ల మెడ మీద పడుతుంది.

ఇక కందెన. వరిగడ్డి కాల్చి, ఆ మసిని ఆముదంలో కలిపి ముద్ద చేసేవారు. బండికింద వేలాడే వెదురు గొట్టంలో అది ఉండేది. సీల తీసి, చక్రం కొంచెం బయటికి లాగి, ఇరుసుకి కందెన రాయాలి. ఈ ఒక్క పనిలోనే మా ఇంటి పిల్లల వయసులన్నీ తెలిసిపోయేవి. మరీ చిన్నవాళ్లు సీల పట్టుకుని నిలబడాలి. పారేయకూడదు, అంతే వాళ్ల పని. ఇంకొంచెం పెద్దయితే గొట్టం పట్టుకోవచ్చు. ఆ తరవాతి ఏడు మసి నూరడం. ఆ పైన పుల్లతో కందెన రాయడం. చక్రం లాగేవాడు అంటే ఇక మీసాలు వస్తున్నవాడన్న మాట. "నీకెన్నేళ్లు?" అని చుట్టాలు అడిగితే మా తమ్ముడు వయసు చెప్పేవాడు కాదు. "నాను కందెన రాత్తన్నాను" అనేవాడు. అడిగినవాళ్లకి అర్థమైపోయేది.

గూడు వేసే పని మా చిన్నాన్నది. వెదురు బద్దల్ని నీళ్లలో నానబెట్టి, వంచి, కొసలు రెండూ బండి పక్కలకి పురికొసతో కట్టేవాడు. దాని మీద ఈతాకు చాపలు. లోపల మోకాలెత్తున వరిగడ్డి, గడ్డి మీద బొంతలు. ఇరుసు కింద హరికేన్ లాంతరు. ఎడ్లకి ఉలవలు, తవుడు ఒక బస్తాలో. మాకు పులిహోర, పాకుండలు, ఒక కుండలో చోడి అంబలి. ఎడ్ల కాళ్లకి కొత్త నాడాలు అంతకు ముందే కొట్టించేవారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గూడు బండిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ రాసిపెట్టలేదు. కానీ అందరికీ తెలుసు. చంటిపిల్ల గూడు నడుమ, తల్లి ఒళ్లో. నడక వచ్చిన పిల్లలు బండి వెనక అంచున, కాళ్లు కిందికి వేలాడేసుకుని. ఆ చోటు కోసం జుట్లు పట్టుకునేవాళ్లం. ఇంకొంచెం ఎదిగాక మగపిల్లవాడు ముందుకు జరిగేవాడు. నాన్న పక్కన, నొగల మీద. మరో రెండేళ్లకి అతని చేతికి పగ్గాలు. మగపిల్లవాడి ఎదుగుదల అంతా వెనక నుంచి ముందుకి.

ఆడపిల్ల దారి వేరు. వెనక అంచున ఉన్నంతవరకు మాకూ వాళ్లకీ తేడా లేదు. నేను ఒకటి రెండేళ్లు ముందు కూడా కూర్చున్నాను. ఎడ్ల తోకలు ముఖానికి తగులుతుంటే, దారి మన కిందికే వచ్చేస్తున్నట్టు ఉంటుంది అక్కడ. పన్నెండో ఏడు వచ్చిన సంక్రాంతికి నేను అలవాటుగా నొగలెక్కబోతే మామ్మ పిలిచింది. "పెద్దదానివి అవతన్నావు, ఇంకా ముందరేటే కూకోడం? లోనికి రా" అంది. నాన్న వైపు చూశాను. నాన్న ఎడ్లని చూస్తున్నాడు. లోనికి వెళ్లాను. చాప సందులోంచి చూస్తే రాబోయే రోడ్డు కనిపించదు, వెళ్లిపోయిన రోడ్డు మాత్రమే కనిపిస్తుంది. ఆ రాత్రంతా మా తమ్ముడు ముందు కూర్చుని ఏవేవో కేకలేస్తూనే ఉన్నాడు. నాకన్నా రెండేళ్లు చిన్నవాడు. తరవాత పెళ్లయింది, అత్తవారి బండి. అందులోనూ లోపలే. అంటే ఆడపిల్ల పెరిగేకొద్దీ బండి వెనక నుంచి నడుమకి వచ్చి, మళ్లీ చంటిపిల్లప్పుడు ఉన్న చోటుకే చేరుతుంది. ఈసారి ఒళ్లో ఒక చంటిపిల్లతో. నాకిది న్యాయంగా కనిపించలేదు. అప్పుడూ కనిపించలేదు, ఇప్పుడూ కనిపించదు.

జాతర గురించి ఎక్కువ చెప్పను. అందరూ ఎరిగిందే. ఎడ్లని విప్పి చెట్లకి కట్టి, కాడి కింద కర్ర పోటు పెడితే బండి ఇల్లయిపోయేది. మూడు రాళ్ల పొయ్యి పక్కన. అలాంటి ఇళ్లు తోటల్లోనూ కోసిన పొలాల్లోనూ బారులు తీరి ఉండేవి. మొక్కులు తీర్చుకోవడం, తలనీలాలివ్వడం, కోడిని కోయడం, చుట్టాలు కలవడం, రెండు పెళ్లి సంబంధాలు కుదరడం, ఒకటి చెడిపోవడం. పిల్లలం అలిసిపోయి బండి కింద చక్రాల మధ్య నిద్రపోయేవాళ్లం.

ఆ తరవాత ఆర్టీసీ బస్సులు పల్లెలకి వచ్చాయి. బళ్లకి రబ్బరు టైర్లు వచ్చాయి. కందెన అక్కర్లేకపోయింది, కమ్మరికి పట్టా పని పోయింది. తరవాత ట్రాక్టర్లు. ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరిచి, పైన టార్పాలిన్ కట్టి జాతరలకి వెళ్లడం మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పటికీ చూస్తాం. 2005 తరవాత టాటా ఏస్‌లు వచ్చాయి, వాటిలోనూ అలాగే ఎక్కుతున్నారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ సరుకు వేసే బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పుకోదు, అది ఊరికే పెట్టిన చట్టం కాదు. ఎద్దు బండి బోల్తా పడితే మోచిప్ప చెక్కుకుపోతుంది. వేగంగా పోయే తొట్టి బోల్తా పడితే ఏమవుతుందో ప్రతి జాతరకీ పేపర్లో చదువుతున్నాం.

మేము మా సొంత బండి చేసుకున్నది 1990లలో. మావారు జూట్ మిల్లులో ఫిట్టరు. నేను పూసపాటిరేగ మండలంలో సముద్రం ఒడ్డు బడిలో టీచర్ని. ఒక పాత మెటాడోర్ వ్యాను అమ్మకానికి వస్తే ఆయన మనసు పడ్డారు. నాకు చెప్పకుండా బయానా ఇచ్చి వచ్చారు. నేల తుప్పు పట్టి, ఒకచోట రోడ్డు కనిపించేంత కన్నం పడి ఉంది. సీట్ల రెగ్జిన్ చిరిగి లోపలి కొబ్బరి పీచు బయటికి వచ్చింది. దాన్ని ఇంటి ముందు నిలబెడితే ఇరుగుపొరుగు వాళ్లు ఎవరి వ్యాను పాడైపోయిందోనని పలకరించి వెళ్లారు.

సాలూరు తీసుకెళ్లాం. సాలూరంటే లారీలు. నాతవలస నుంచి రాయపూర్ దాకా ఘాట్ మీదుగా పోయే రోడ్డుంది కదా, పాత 43వ నంబరు, ఇప్పుడు మన వైపు 26. ఆ రోడ్డు మీద బతికిన ఊరది. లారీలు కొనేవాళ్లు, నడిపేవాళ్లు, బాడీలు కట్టేవాళ్లు. షెడ్డులో పెద్ద మేస్త్రీ వ్యాను చుట్టూ తిరిగి, వేళ్ల కణుపులతో రేకు తట్టి చూశాడు. నాకు నవ్వొచ్చింది. మా వడ్రంగి చక్రాన్ని తట్టినట్టే. అడిగితే వాళ్ల తాతది బండి చక్రాల పనేనన్నాడు.

నేల రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించడం, బ్రేకులు, లీఫ్ స్ప్రింగులు షెడ్డు వాళ్లు చేశారు. మిగతాదంతా మా వాకిట్లో, ఆదివారాలు. ఇద్దరమ్మాయిలు, ఒక అబ్బాయి. తుప్పు గీకడం చిన్నపిల్లది, బొరియల్లో చేతులు పట్టేది దానికే. రెడాక్సైడ్ పూయడం అబ్బాయి. లప్పం పెట్టి గరుకు కాగితంతో రుద్దడం పెద్దమ్మాయి. లోపల అటూ ఇటూ రెండు పెట్టె బల్లలు వేశాం. మూత తీస్తే ఒకదాంట్లో గిన్నెలు, రెండోదాంట్లో పక్కలు. రాత్రికి రెండు బల్లల మధ్యా పలకలు పరిస్తే అందరికీ మంచం. మావారు టేకు అన్నారు. నేను మామిడి చెక్క చాలన్నాను. టేకు బరువు, డబ్బు రెండూ ఎక్కువ, ఆ ఇంజను అంత మొయ్యదు. పైకప్పు రేకు వేడి దిగకుండా లోపలి వైపు గోనె పట్టా రెండు పొరలు అతికించాం. జూట్ మిల్లు ఫిట్టరుకి గోనె దొరకడం ఒక లెక్కా. కిటికీలకి దోమతెర గుడ్డ. పంపు బిగించిన నీళ్ల డ్రమ్ము. పొయ్యి మాత్రం లోపల పెట్టనివ్వలేదు నేను. ఎక్కడ ఆగినా వంట బయటే.

పెద్దమ్మాయికి పదేళ్లు. ఆయన చెయ్యి చాచి "పన్నెండు పద్నాలుగు" అంటే చూడకుండానే ఆ నంబరు పానా తీసి ఇచ్చేది. కొన్నాళ్లకి నట్టు చూసి ఏ పానా కావాలో తనే చెప్పేది. ఆ డీజిలు ఇంజను చలికాలం పొద్దున్నే కాయిలు వేడెక్కితే గానీ అందుకునేది కాదు. తాళం తిప్పి, ఆగి, ఎప్పుడు స్టార్ట్ చెయ్యాలో చెప్పే పని దానిదే. అబ్బాయి గోల పెట్టాడు, తనకి బోల్టుల డబ్బా పట్టుకునే పనే ఇస్తున్నారని. నేను ఆయనతో ఒకటే చెప్పాను. ఈ బండిలో ముందు సీటు వంతుల ప్రకారం. మగపిల్లాడు, ఆడపిల్ల అని కాదు. ఆయన ఎందుకని అడగలేదు. బొబ్బిలి బండి సంగతి ఆయనకి పెళ్లైన కొత్తలోనే చెప్పాను.

ఆ వ్యానులో మన రెండు జిల్లాలూ తిరిగాం. రామతీర్థంలో శివరాత్రి జాగరం. శ్రీముఖలింగంలో వంశధార ఒడ్డున చక్రతీర్థ స్నానం, అక్కడ ఒరియా వాళ్లు, మనవాళ్లు కలిసిపోయి ఎవరు ఎవరో తెలియదు. కార్తీక సోమవారం టెక్కలి దగ్గర రావివలస. అక్కడి శివుణ్ని ఎండల మల్లన్న అంటారు. లింగానికి పైకప్పు లేదు. ఎండా వానా నేరుగా ఆయన మీదే. మా అబ్బాయి అది చూసి, "మనం రేకు లోపల గోనె అతికించుకున్నాం, దేవుడికి ఏమీ లేదు" అని చాలాసేపు ఆలోచించాడు.

పిల్లలకి అన్నిటికన్నా నచ్చింది తేలినీలాపురం. రావివలసకి దగ్గరే. సెప్టెంబరు, అక్టోబరుల్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో చెబుతారు. నౌపడ మడుగుల్లో చేపలు పట్టుకొస్తాయి. ఊరివాళ్లు వాటి మీద రాయి వెయ్యరు, వెయ్యనివ్వరు. పురిటికి కన్నవారింటికి వచ్చిన ఆడపడుచులంటారు వాటిని. గూడబాతు పిల్ల తల్లి దవడ సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తినడం చూసి మా చిన్నది భయపడిపోయింది, తల్లి పిల్లని మింగేస్తోందని. వేసవి ముదిరేలోపల రెక్కలు వచ్చిన పిల్లలతో సహా వెళ్లిపోతాయి. చెట్ల కింద తెల్లటి రెట్ట మిగులుతుంది.

మేమిలా తిరుగుతుంటే మా బడిలో పిల్లలు సోమవారం నన్ను చుట్టుముట్టి అడిగేవారు, టీచర్, ఈసారి ఎక్కడికెళ్లారని. చెప్పడానికి నాకు బిడియంగా ఉండేది. వాళ్ల నాన్నలకీ బండి లాంటి ఇల్లు ఉంది. కానీ అందులో పిల్లలు లేరు. మన తీరంలో చేపల వేట గిట్టుబాటు కాక, ఏటా ఆగస్టులో గుజరాత్ వీరావల్ వెళ్లి పెద్ద బోట్ల మీద కూలికి చేరేవారు వాళ్లు. వంట బోటులో, పడక బోటులో. మళ్లీ ఇంటి మొహం చూసేది వేసవికి. పిల్లవాడికి పలక కొనిచ్చి వెళ్లిన తండ్రి తిరిగొచ్చేసరికి వాడు పుస్తకం చదువుతుంటాడు. నా తరగతిలో ఒక పిల్ల ఏప్రిల్ నెలంతా బల్ల మీద కూర్చోకుండా గుమ్మం దగ్గరే కూర్చునేది. బస్సు అక్కడికి కనిపిస్తుంది. నేను లేపలేదు.

2018 నవంబరులో అలా వేటకెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పాకిస్తాన్ వాళ్లకి పట్టుబడ్డారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి వచ్చారు. 2025లో వచ్చిన తండేల్ సినిమాకి ఆధారం ఆ సంగతే. సినిమాలో ప్రేమకథ ఉంది, ఉండాలి కాబోలు. నాకు మాత్రం ఏడాదికి పైగా తండ్రి లేకుండా పెరిగిన పిల్లలే గుర్తొచ్చారు.

నా పిల్లల దగ్గరికి వస్తాను. అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఒక ఆదివారం "నేను రాను" అన్నాడు. క్రికెట్ మ్యాచి. రానన్నవాణ్ని బలవంతం చెయ్యలేదు గానీ వాడు లేకుండా బోల్టుల డబ్బా ఎవరు పట్టుకోవాలో ఎవరికీ తోచలేదు. ఆ తరవాత ఇంటర్మీడియట్. మన తెలుగు ఇళ్లల్లో పిల్లలు ఇల్లు వదిలేది పెళ్లికీ కాదు, ఉద్యోగానికీ కాదు, ఇంటర్‌కి. పదిహేనేళ్ల పిల్లని ట్రంకు పెట్టె, బకెట్టుతో హాస్టల్లో దింపి రావడం ఎంత మామూలైపోయిందంటే, దాని గురించి మనం ఒక పాట కూడా కట్టుకోలేదు. అప్పగింతలకి పాటలున్నాయి. దీనికి లేవు. వెనక్కి తిరిగి చూస్తే నేను పెద్దమ్మాయిని అత్తవారింటికి పంపినప్పుడు ఏడవలేదు. విశాఖపట్నంలో ఇంటర్ హాస్టల్లో వదిలి వస్తూ ఏడ్చాను.

అప్పుడు ఆ వ్యానుకి కొత్త పని పడింది. నెలకో ఆదివారం హాస్టలు గేటు బయట, చెట్టు నీడ చూసి నిలబెట్టేవాళ్లం. పిల్లల్ని బయటికి వదిలేది రెండు మూడు గంటలే. మిగతా తల్లిదండ్రులు ఫుట్‌పాత్ మీద కూర్చుని క్యారియర్లు విప్పేవారు. మాకు బల్లలున్నాయి. పనసకాయ ఆవ పెట్టిన కూర, అన్నం. ఆ పిల్ల గబగబా తినేసి, ఏం చదువుతున్నావని నేను అడిగేలోపు బల్ల మీద పడి నిద్రపోయేది. తల దువ్వుదామని దువ్వెన తీసుకెళితే దువ్వెన సంచిలోనే ఉండేది. ఆయన వ్యాను తలుపు చప్పుడు కాకుండా వేసి బయట నిలబడేవారు. దాని స్నేహితురాళ్లు ఇద్దరు కూడా వచ్చి పడుకునేవారు, వాళ్ల వాళ్లు రాని ఆదివారాలు. జాతరల కోసం చేసుకున్న మంచం ఊళ్లో పిల్లల నిద్రకి పనికొచ్చింది.

చిన్నమ్మాయి కూడా వెళ్లిపోయాక బండి తీసేవాళ్లు లేరు. నిలబెట్టిన బండి నడిచే బండి కన్నా తొందరగా పాడవుతుంది. బ్యాటరీ పోయింది, టైర్లు బీటలు వారాయి, ఆర్సీ గడువు తీరింది. దాన్ని టిఫిన్లు అమ్ముకునే ఒకాయన కొన్నాడు. పెట్టె బల్లలు చూసి సంబరపడ్డాడు, ఇడ్లీ పాత్రలకి సరిపోతాయని.

ఇప్పుడు మా పెద్దమ్మాయి, అల్లుడు విశాఖలో ఉంటారు. నిరుడు ఒక పాత ట్రావెలర్ కొని దాన్ని బాగుచేస్తున్నామని ఫోను చేసింది. యూట్యూబులో చూస్తున్నారట. పైకప్పు మీద సోలారు పలక, లోపల ఫ్రిజ్జు, పడక, పొయ్యి. ఈ కోరిక ఇంకా కొందరికి ఉండొచ్చు కాబట్టి దానికి చెప్పిందే మీకూ చెబుతాను. మొదట కాగితాలు. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. ఆర్సీలో రాసి ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మనిష్టం వచ్చినట్టు మార్చకూడదు. సీట్లు తీసినా, బాడీ మార్చినా ముందు రవాణా శాఖ అనుమతి. లేకపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆపడం ఒక ఎత్తు, ప్రమాదం జరిగితే బీమా వాళ్లు చేతులెత్తేయడం ఇంకో ఎత్తు. రెండోది, ఇంట్లో వాడే గ్యాసు బండ లోపల పెట్టొద్దు. వంట బయటే. మూడోది, బరువు రెండు పక్కలా సమానంగా. నీళ్ల డ్రమ్ము, బ్యాటరీలు ఒకే వైపు పెడితే ఘాట్ మలుపుల్లో తెలుస్తుంది. ఇవన్నీ విని "ఇంకేమైనా ఉందా అమ్మా?" అంది. పని అంతా షెడ్డువాళ్లకి ఇవ్వకు, పిల్లలకి కాస్త మిగుల్చు అన్నాను. తుప్పు లేదమ్మా, ఇప్పుడు రేకులకి తుప్పు పట్టదు అంది. ఏదో ఒకటి వెతుకు అన్నాను. చివరికి నా మనవరాలు కర్టెన్లు కుట్టలేదు గానీ వైరింగు చేసింది, నాన్న పక్కన కూర్చుని. పన్నెండేళ్లు దానికి.

మొన్న సంక్రాంతి వెళ్లాక సంబర బయల్దేరాం. విజయనగరంలో నన్ను ఎక్కించుకోవడానికి వచ్చారు. మా అమ్మాయే నడుపుతోంది. అల్లుడు వెనక పడకేశాడు, రాత్రి డ్యూటీ చేసి వచ్చాడట. ముందు సీట్లో మనవరాలు. "దిగమ్మా, నాకు మోకాళ్ల నొప్పులు, వెనక ఎక్కలేను" అన్నాను. "అమ్మమ్మా, నిన్ను మీ మామ్మ లోపలికి పంపిందని నువ్వే కదా చెప్పావు, ఇప్పుడు నువ్వు నన్ను పంపుతున్నావా?" అంది. మా అమ్మాయి రోడ్డు వైపు చూస్తోంది, అచ్చం మా నాన్న ఎడ్లని చూసినట్టు. బేరాలాడి ఒప్పందానికి వచ్చాం. రామభద్రపురం దాకా నేను, అక్కణ్నుంచి తను. గజపతినగరం దాటేదాకా నాతో మాట్లాడలేదు. రామభద్రపురం కూరగాయల మార్కెట్టు దగ్గర వంకాయలు తీసుకుందామని దిగాను. బేరం చేసి వచ్చేసరికి ఆ పిల్ల ముందు సీట్లో బెల్టు పెట్టేసుకుని కూర్చుంది. వంకాయల సంచితో నేను వెనకే ఎక్కాను. మోకాళ్లు బాగానే సహకరించాయి.